పసుపు నీళ్ల పాఠం



కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు ఎవరికీ వింత కాదు. చేన్లో తవ్వుతారు, ఉడకబెడతారు, కల్లంలో ఆరబోస్తారు, బస్తాలకెత్తి నిజామాబాద్ మార్కెట్‌కు తోలుతారు. ఆ పసుపే చిటికెడు తీసి గిన్నెడు నీళ్లలో కలిపి, అందులో తెల్లకాగితం ముంచి నీడన ఆరబెట్టి, నాలుగేళ్ల పిల్ల చేతికిచ్చి చూడండి. ఆ కాగితం మీద సబ్బు నీళ్ల చుక్క పడగానే ఎర్రటి మరక లేస్తుంది. తడి సున్నం తగిలిస్తే ఎరుపు ఇంకా ముదురుతుంది. నిమ్మకాయ పిండితే ఎరుపు పోయి మళ్లీ పసుపు రంగు వస్తుంది.

"అమ్మా, గిది ఎర్రగ ఎట్లయింది?" అని పిల్ల అడుగుతుంది. పెళ్లింట్లో పసుపు, సున్నం కలిపి పారాణి చేసిన నాయనమ్మకు ఇది తెలిసిన సంగతే. అడిగితే ఆమె చెప్పేది ఒకటే: "సున్నం తాకితే అట్లనే అయితది బిడ్డా." నాలుగేళ్లకు ఆ జవాబు చాలు. ఆమ్లం, క్షారం అన్న మాటలు హైస్కూల్లో ఎలాగూ వస్తాయి. ఇప్పుడు కావలసింది ఆ పిల్ల ఇంట్లో ఉన్నవన్నీ ఆ కాగితం మీద వేసి చూడటం: మజ్జిగ, చింతపండు పులుసు, బట్టల సోడా, పొయ్యిలో బూడిద. దేనికి ఎరుపెక్కింది, దేనికి ఎక్కలేదు అన్నది పలక మీద రెండు వరసల్లో బొమ్మలేసి పెట్టుకోవాలి. రాయడం రాకపోయినా ఫర్వాలేదు. మజ్జిగ గ్లాసు బొమ్మ వేయడం ఎవరికైనా వస్తుంది.

ఇంట్లోనే పిల్లలకు చదువు చెప్పుకోవడమనే ఆలోచన ఈ మధ్య కొన్ని క్రైస్తవ కుటుంబాల్లో వినిపిస్తోంది. బడి పూర్తిగా మాన్పించి ఇంట్లోనే చదివించే తల్లిదండ్రులు హైదరాబాద్, బెంగళూరు, పుణె లాంటి నగరాల్లో కనిపిస్తారు. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు అలాంటివాళ్లు అరుదు. కానీ మూడేళ్ల నుంచి ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలకు ఇల్లే మొదటి బడి కావాలని, చిన్న చిన్న ప్రయోగాలు, చేతిపనులు, దేవుని వాక్యం ఒక్క చోటే నేర్పుకోవాలని అనుకునే తల్లులు ఇక్కడా ఉన్నారు. ఈ ప్రసంగం వాళ్ల గురించి, వాళ్ల చుట్టూ ఉన్న సరంజామా గురించి.

అసలు ఈ ప్రాంతం ఇంటి బడిని ఒకసారి చవిచూసింది, అదీ తప్పనిసరై. 2020 మార్చిలో కరోనాతో బడులు మూతపడ్డాయి. సెప్టెంబర్ 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. అవి మూడో తరగతి, ఆ పైవాళ్లకు. అంగన్‌వాడీ పిల్లలు, ఒకటి, రెండు తరగతుల పిల్లలు అమ్మల చేతుల్లోనే ఉండిపోయారు. చాలామంది తల్లులు అప్పుడు చేసింది ఒకటే, పలక ముందు కూర్చోబెట్టి అఆలు దిద్దించడం. పావుగంటకు పిల్లాడు లేచి పోవడం, అమ్మ కసురుకోవడం, ఇద్దరూ అలసిపోవడం. బడిలో ఎలా చెబుతారో ఇంట్లోనూ అలాగే చెప్పాలనుకోవడమే అక్కడ తేడా కొట్టింది.

ఈ విషయం ఇంగ్లండులో ఒక టీచరమ్మ ఎప్పుడో చెప్పింది. ఆమె పేరు షార్లెట్ మేసన్, పుట్టింది 1842లో. పిల్లల పెంపకం మీద ఆమె ఇచ్చిన ఉపన్యాసాలు 1886లో ‘హోమ్ ఎడ్యుకేషన్’ అనే పుస్తకంగా వచ్చాయి. ఈనాడు ప్రపంచంలో ఇంటి చదువు ఎంచుకున్న క్రైస్తవ కుటుంబాల్లో చాలామందికి ఆ పుస్తకం తెలుసు. ఆరేళ్లు నిండేదాకా పుస్తకాల పాఠాలు వద్దంటుందామె. అప్పటిదాకా పిల్లలు రోజులో ఎక్కువసేపు ఆరుబయటే ఉండాలి, చెట్టును పేరుతో గుర్తుపట్టాలి, పిట్టను కూతతో గుర్తుపట్టాలి, చూసింది ఒక నోటుబుక్కులో బొమ్మ వేసుకోవాలి. ఆరేళ్ల తర్వాత కూడా ఒక్కో పాఠం పావుగంట, ఇరవై నిమిషాలకు మించకూడదు. మేసన్ స్వయంగా భక్తిపరురాలు. ఆ భక్తిని మిగతా చదువు నుంచి విడదీసి చూడలేదు.

ఆమెను మెచ్చుకోవడం వేరు, ఆమె పేరుతో ఇప్పుడు అమ్ముడయ్యే సామగ్రిని అట్లాగే దించుకోవడం వేరు. ఇంటి చదువుకు దొరికే క్రైస్తవ పాఠ్యపుస్తకాల్లో ఎక్కువ భాగం అమెరికావి. వాటిలో మంచు బొమ్మ చేస్తారు, మేపుల్ ఆకులు ఏరుతారు. ఎండాకాలంలో రామగుండం పిల్లాడికి మంచు బొమ్మ పాఠం చెప్పడం కంటే, మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో చెప్పడం మేలు. కుండ గోడలోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. ఒక కుండ, ఒక స్టీలు బిందె పక్కపక్కన పెట్టి, మధ్యాహ్నం రెండింట్లోనూ చేయి పెట్టి చూడమంటే ఐదేళ్ల పిల్లకు కూడా తేడా తెలుస్తుంది.

ఆకులకూ కరువు లేదు. మోదుగ కొమ్మ తెస్తే ఒక్కో రెమ్మకు మూడేసి ఆకులు. లెక్క అక్కడే మొదలవుతుంది. నాలుగు రెమ్మలకు ఎన్ని ఆకులు? ఒక విస్తరి కుట్టడానికి ఎన్ని రెమ్మలు తుంచాలి? సన్నటి పుల్లతో ఆకును ఆకుకు గుచ్చుతుంటే, అంచులు గుండ్రంగా రావాలంటే ఆకుల్ని ఎలా తిప్పుకోవాలో వేళ్లకే తెలిసివస్తుంది. హోలీ ముందు పూసే మోదుగ పూలను నీళ్లలో మరిగిస్తే నారింజ రంగు వస్తుంది, అందులో కొంచెం సున్నం వేస్తే ఆ రంగు ఇంకా ముదురుతుంది. పసుపు కాగితం పాఠమే ఇంకో వేషంలో వచ్చిందని పిల్లలు తామే పట్టుకుంటారు. పట్టుకోకపోతే ఆ రోజుకు చెప్పకుండా ఊరుకోవచ్చు.

చేతిపనుల విషయంలో ఉత్తర తెలంగాణ అదృష్టం అంతా ఇంతా కాదు. కరీంనగర్‌లో వెండిని వెంట్రుకంత సన్నటి తీగగా లాగి నగిషీ అల్లేవాళ్లున్నారు. ఆదిలాబాద్ గూడేల్లో ఓజులు మైనం మీద మట్టి పూసి, మైనం కరిగించి, ఆ ఖాళీలో కరిగిన లోహం పోసి డోక్రా బొమ్మలు చేస్తారు. అవి పసిపిల్లలు చేసే పనులు కావు, చూపించదగ్గ పనులు.

ఇంటి బడికి అన్నిటికంటే దగ్గరది నిర్మల్ కొయ్యబొమ్మ. ఆ బొమ్మకు వాడేది పునికి కర్ర. చేత్తో ఎత్తితే బరువు ఉండదు, చెక్కుతుంటే మెత్తగా తెగుతుంది. ముక్కలు చెక్కి చింతగింజల జిగురుతో అతుకుతారు. రంపపు పొట్టును అదే జిగురుతో ముద్దగా కలిపి సందులన్నీ పూడుస్తారు, ఆపైన తెల్లమట్టి పూత, ఆపైన రంగులు. సీతాఫలమో చిలకో తయారవుతుంది.

ఇందులో చింతగింజల జిగురు ఏ వంటింట్లోనైనా చేసుకోవచ్చు. గింజలు దోరగా వేయించి, పైపొట్టు తీసి, రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్లు పోసి ఉడికిస్తే చిక్కటి జిగురు దిగుతుంది. పొయ్యి పని అమ్మది, పొట్టు ఊదే పని పిల్లలది. వడ్రంగి దుకాణంలో పిడికెడు రంపపు పొట్టు అడిగితే ఎవరూ కాదనరు. రెండూ కలిపి ముద్ద చేసి జామకాయో గొర్రెపిల్లో చేసి ఎండబెట్టాలి. మొదటిసారి పగుళ్లు వస్తాయి. జిగురు తగ్గిందా, ఎండ ఎక్కువైందా అని ఒక్కొక్కటే మార్చి చూడటమే శాస్త్రం. మిగిలిన చింతగింజలు ఓమనగుంటలకు. గుంటకు అయిదు చొప్పున పంచుతూ కూడికలు, తీసివేతలు నేర్చుకున్న అమ్మమ్మలు ఈ జిల్లాల్లో లెక్కలేనంతమంది.

చేతిపని పాఠానికి ఒక హద్దు ఉంది. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు వేల ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చుడతారు. అమ్మ ఒళ్లో చాట, చాటలో తునికాకు, పక్కనే పిల్ల. ఆకు కత్తిరించడం, దారం చుట్టడం కూడా చేతిపనే కదా అనిపించవచ్చు. కానీ పొగాకు దుమ్ము పసివాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బీడీల తయారీలో పిల్లల్ని పెట్టడాన్ని 1986 బాలకార్మిక చట్టమే నిషేధించింది. పిల్ల చేసింది లెక్కకట్టి బజారుకు పోతుంటే దాన్ని చదువు అనకూడదు. అది కూలి.

ఇక క్రైస్తవ విలువల మాట. ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం తెలియని విశ్వాస కుటుంబం ఉండదు. దేవుని మాటలు పిల్లలకు ఎప్పుడు నేర్పాలి అంటే, ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు అని అక్కడ ఉంది. పలక, బెత్తం, గంట ప్రస్తావన లేదు. సండే స్కూల్ అనేది చాలా తర్వాత వచ్చిన ఏర్పాటు. 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్‌లో రాబర్ట్ రైక్స్ దాన్ని నడిపినప్పుడు, వారమంతా పనికి పోయే పేద పిల్లలకు ఆదివారమొక్కటే తీరిక కాబట్టి ఆ రోజు చదవడం నేర్పారు. అంటే అది మొదట అక్షరాల బడి కూడా. మన పక్కనే, దోర్నకల్‌కు 1912లో బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య కాలంలో, అక్షరం రాని పల్లె తల్లులు పాటల ద్వారా, నాటకాల ద్వారా బైబిలు కథలు నేర్చుకుని పిల్లలకు చెప్పుకున్నారు. చదువు రాని అమ్మ పిల్లలకు ఏం నేర్పుతుంది అనేవాళ్లు ఆ సంగతి గుర్తుచేసుకోవాలి.

అయితే వాక్యం కంఠతా పట్టించగానే విలువ వచ్చేసినట్టు కాదు. ఈ ప్రసంగంలో గట్టిగా చెప్పదలచిన మాట ఇదే. చిన్నపిల్లల దగ్గర సైన్సు, చేతిపని, విశ్వాసం మూడు పీరియడ్లు కావు.

ఆవగింజనే తీసుకుందాం. మత్తయి సువార్త పదమూడో అధ్యాయంలో ఆవగింజ ఉపమానం ఉంది, విత్తువాడి కథ ఉంది. కథ చెప్పాక పోపుల డబ్బాలోంచి పది ఆవాలు తీసి తడిగుడ్డలో పెట్టించాలి. ఇంకో పది రాతిపలక మీద, ఇంకో పది ముళ్లకంప మొదట్లో మట్టిలో. రోజూ పొద్దున ప్రార్థన అయ్యాక పోయి చూడటం, మొలిచినవి లెక్కపెట్టడం, బొమ్మ వేయడం. మూడో రోజు గుడ్డలో తెల్లటి వేరుమొన కనిపిస్తుంది. కొన్ని మొలవవు. అక్కడే ఉంది అసలు పరీక్ష. పిల్లాడికి అమ్మను సంతోషపెట్టాలని ఉంటుంది, పదీ మొలిచాయని చెబుతాడు. నోటుబుక్కులో పది మొలకలు గీస్తాడు. అమ్మ పక్కన కూర్చుని, "ఒక్కొక్కటి ఏలు పెట్టి చూపించు బిడ్డా" అంటే ఏడే తేలతాయి. ఏడని రాయించి, ఆ ఏడుకే మెచ్చుకుంటే, అబద్ధమాడకూడదన్న ఆజ్ఞ ఆ పొద్దున ఆ పిల్లాడి చేతుల మీదుగా నడిచినట్టే. పది కాదన్నందుకు తిడితే మాత్రం రేపటి నుంచి అన్ని ప్రయోగాలూ బ్రహ్మాండంగా వస్తాయి.

అలాగే సామెతల గ్రంథం చీమ దగ్గరికి పొమ్మంటుంది. ఎంతమంది నిజంగా పోయి చూశారు? పుట్ట దగ్గర చిటికెడు చక్కెర, చిటికెడు ఉప్పు, చిటికెడు రవ్వ వేరువేరుగా పెట్టి గంటసేపు కూర్చుంటే, చీమలు దేనికి ముందు వస్తాయో, వరసను వేలితో తుడిస్తే ఎందుకు తికమకపడతాయో కనిపిస్తుంది. చీమలు నేల మీద వదిలే వాసన దారి తెగిపోతుంది కాబట్టి తికమకపడతాయి. మట్టల ఆదివారానికి ఈత ఆకుతో సిలువ మడవడం, క్రిస్మస్‌కు వెదురు బద్దలు కట్టి రంగుకాగితం అంటించి నక్షత్రం చేయడం అన్ని సంఘాల్లో ఉన్నవే. ఆ నక్షత్రంలో బద్దలు సమానంగా లేకపోతే ఒక కొస వంగిపోతుంది. కొలతకు అంతకంటే మంచి పాఠం ఏ పుస్తకంలోనూ లేదు.

చాలా ఇళ్లలో నోరు మెదపకుండా దాటేసే ప్రశ్న ఒకటుంది. బొగ్గు ఎక్కడిది?

గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి ఇళ్లలో నాన్నలు సింగరేణిలో పనిచేస్తారు. ఆ బొగ్గు పాతిక కోట్ల ఏళ్లకు ముందు అడవులు కూరుకుపోయి అయింది. ఆ బొగ్గు దొరికే ప్రాణహిత, గోదావరి లోయలోనే యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలకు 1988లో భూగర్భ సర్వే శాస్త్రవేత్త యాదగిరి ‘కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్’ అని పేరు పెట్టారు. ముప్పై అడుగుల పొడవున్న డైనోసార్ అది. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. విదేశీ ఇంటి చదువు పుస్తకాలు కొన్ని భూమి వయసు కొన్ని వేల ఏళ్లేనని చెబుతాయి. అవి పట్టుకున్న తల్లి, బిర్లా మ్యూజియం మెట్లు దిగాక పిల్లాడు అడిగే ప్రశ్నకు ఏం చెబుతుంది? పుస్తకాన్ని కాపాడటానికి, ఊరి పేరు పెట్టుకున్న ఎముకను కాదనడం పిల్లలకు నిజాయితీ నేర్పే పద్ధతి కాదు.

విశ్వాసానికి ఇందులో భయపడవలసింది ఏమీ లేదు. తల్లిదండ్రుల పోలికలు పిల్లలకు ఎలా వస్తాయో మొదట లెక్కతేల్చిన గ్రెగర్ మెండెల్ క్రైస్తవ సన్యాసి. బ్రనో పట్టణంలో మఠం తోటలోనే 1856 నుంచి 1863 దాకా వేల బఠాణీ మొక్కలు పెంచి, నున్నటి గింజలెన్ని, ముడతల గింజలెన్ని అని ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. ఆయన ప్రార్థన మానలేదు, లెక్క తప్పు రాయలేదు. బఠాణీలు ఆదిలాబాద్ చలికాలంలో చక్కగా మొలుస్తాయి.

భాష సంగతీ ఉంది. ఇంటి చదువు అనగానే ఫోనులో ఇంగ్లిషు రైములు పెట్టే ఇళ్లు చాలా. అప్పటి ఆదిలాబాద్ జిల్లాలో 1943లో మార్లవాయి గ్రామంలో ఇంకో దారి తొక్కారు. నిజాం పాలనపై పోరాడిన గోండు నాయకుడు కొమురం భీం 1940లో నేలకొరిగాక ఆదివాసుల కష్టాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం రప్పించిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్, గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ ఇప్పించి, గోండీలోనే వాచకాలు తయారు చేయించారు. ఇంట్లో మాట్లాడే మాటతోనే అక్షరం మొదలుకావాలన్నది ఆ ఏర్పాటు. 2020 జాతీయ విద్యావిధానం కూడా వీలైనంత వరకు అయిదో తరగతి దాకా మాతృభాషలో చెప్పమంటోంది. కాబట్టి అమ్మ తెలంగాణ మాటలో చీమను చూపిస్తే తప్పేమీ లేదు. గూడెంలో అమ్మ గోండీలో చూపిస్తుంది.

చెప్పడానికి ఇదంతా బాగానే ఉంది, చేసేవాళ్లెవరు? నాన్న దుబాయిలో ఉంటాడు, అమ్మ పొద్దున్నే పత్తి ఏరడానికి పోతుంది. రోజంతా పిల్లల వెంట ఉండే తీరిక ఈ జిల్లాల్లో చాలా ఇళ్లకు లేదు, లేనందుకు ఆ తల్లుల్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఇంకో ఇబ్బంది తోడు లేకపోవడం. ఒంటరిగా పెరిగే పిల్లకు పంచుకోవడం, ఓడిపోవడం, అలిగి మళ్లీ కలవడం ఎవరు నేర్పుతారు? సంఘం పిల్లలతో మాత్రమే ఆడితే ఊరి మిగతా పిల్లలు పరాయివాళ్లవుతారు. తంగేడు, గునుగు పూలకు పోయే గుంపులో క్రైస్తవ పిల్ల కూడా ఉంటే పూల పేర్లు, చెట్ల పేర్లు అందరితో కలిసి నేర్చుకుంటుంది.

అందుకే ఇక్కడి పరిస్థితికి పూర్తి ఇంటి చదువు కంటే సగం ఇంటి చదువే కుదురుతుందని చెప్పాలి. అంగన్‌వాడీకో బడికో పంపుతూనే సాయంత్రం ఒక అరగంట, ఆదివారం ఒక పూట. నాలుగైదు ఇళ్లు కలిస్తే ఒక్కో తల్లికి వారానికి ఒక్కసారే వంతు వస్తుంది. వారమంతా తాళం వేసి ఉండే చర్చి హాలు అడిగితే పాస్టరుగారు కాదంటారని అనుకోలేం. వేసవిలో వీబీఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్) పేరుతో పదిరోజులు జరిగే సందడి అప్పటికే ఉంది. ఆ పాటలు, యాక్షన్ సాంగులతో పాటు ఒక రోజు పసుపు కాగితం, ఒక రోజు చింతజిగురు కలిపితే ఖర్చు పెరగదు.

పూర్తిగా ఇంట్లోనే చదివించాలని గట్టిగా అనుకునేవాళ్లు చట్టం సంగతి తెలుసుకుని దిగాలి. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని అందులో పదో సెక్షన్ చెబుతుంది. చేర్పించకపోతే తల్లిదండ్రులకు శిక్ష అని మాత్రం ఆ చట్టంలో లేదు. ఇంటి చదువు అన్న మాట కూడా లేదు. ఆరేళ్ల లోపు ఇంట్లో ఉంచుకుంటే ఏ చిక్కూ లేదు. ఆ తర్వాత జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ నడిపే ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్‌లో మూడు, అయిదు, ఎనిమిది తరగతులకు సమానమైన మూడు దశలున్నాయి. పద్నాలుగేళ్లు నిండితే అక్కడైనా, తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీలోనైనా పదో తరగతి రాయవచ్చు.

మధ్యలో మనసు మారి ఎనిమిదేళ్ల పిల్లను సర్కారు బడికి తీసుకుపోతే ఒకటో తరగతిలో కూర్చోబెట్టరు. నాలుగో సెక్షన్ ప్రకారం వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడింది ఏదైనా ఉంటే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పుట్టినతేదీ కాగితం లేదన్న కారణంతో చేర్చుకోకుండా ఉండటానికి వీల్లేదు. హెడ్మాస్టరు గారి దగ్గరికి పోయేటప్పుడు ఆ పిల్ల బొమ్మలేసిన నోటుబుక్కులు కూడా పట్టుకుపోతే, ఆమెకు ఏమేం వచ్చో టీచర్లకు అంచనా వేయడం తేలికవుతుంది.